పైరు కాపుదలకు రైఫిలు: తూటా యెట్టిది, గొట్టమెంత?

అడవి యంచునగల గ్రామములలో వేరుసెనగ, మొక్కజొన్న, చెఱకు వేయు రైతులకు అడవిపందుల బాధను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. ఒక్క రాత్రి మంద దిగినచో తెల్లవారునప్పటికి చేను దున్నిన నేలవలె నుండును. ఈ బాధకు ఓర్వలేక కొందఱు చేని చుట్టును కరెంటు తీగె లాగుచున్నారు. ఆ తీగెకు పందికంటె ముందు పొరుగువాని యెద్దో, రాత్రివేళ నీరు కట్టవచ్చిన మనిషియో బలియైన సందర్భములు పెక్కులు. నాటుబాంబుల సంగతియు నట్టిదే. ఈ రెండును నేరములే గాక, ఏ రైతును చేయదగని పనులని నా యభిప్రాయము.

చట్టమున కొప్పిన మార్గ మొకటి కలదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి లేనిదే అడవిపందిని చంపరాదు. కాని నిలిచియున్న పైరునకు నష్టము కలుగుచున్నప్పుడు అధికారము గల అటవీశాఖవారు కారణములు చూపి వ్రాతమూలముగా ఉత్తరువిచ్చుటకు 11వ సెక్షనులో వీలు కలదు. కేరళ ప్రభుత్వము 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే యీ యధికారము నిచ్చినది; విషము, ప్రేలుడు పదార్థములు, విద్యుత్తు మాత్రము వాడరాదని నిషేధించినది. అట్టి యుత్తరువు దొరికి, లైసెన్సుగల వేటకాడు గ్రామమునకు వచ్చినప్పుడు, అతడు తెచ్చిన తుపాకి యెట్టిది, అందులో పెట్టు తూటా యెట్టిది యను ప్రశ్న మనకును సంబంధించినదే. గుండు తగిలినను తప్పినను తుదకు పడునది మన చేలలోనే గదా.

ముందుగా నున్నగొట్టపు తుపాకుల మాట. పైరు కాపుదలకు మూతినుండి మందు కూరెడు తుపాకికిని, ఆత్మరక్షణకు లేక వేటకు 20 అంగుళములకు తక్కువ గాని గొట్టముగల నున్నగొట్టపు తుపాకికిని లైసెన్సు ఇచ్చు విషయము 1959వ సంవత్సరపు ఆయుధ చట్టములో 13వ సెక్షనున కలదు. ఈ 20 అంగుళములు చట్టపు లెక్కయే గాని గురికి సంబంధించిన లెక్క గాదు. పండ్రెండు బోరు అనగా, గొట్టములో సరిగా పట్టు సీసపు గుండ్లు పండ్రెండు కలిసి ఒక పౌను తూగునని యర్థము. దీనిలో పెద్ద రవలు వేసి కాల్చినను నలువది గజములు దాటినచో రవలు చెదరి బలము తగ్గును. పంది చావక గాయముతో పారిపోవును. కావున నూఱు, నూటయేబది గజముల దూరమున కాల్చవలసినచోట రైఫిలే తగినది. రైఫిలు గొట్టము లోపల మెలిదిరిగిన గాళ్లుండును. అవి గుండును బొంగరమువలె త్రిప్పి పంపుటచేత అది దారి తప్పదు.

ఇక తూటా. గొట్టముకంటె తూటాయే ముఖ్యము. అందులోను గుండు ముఖ్యము. సైనికులు వాడు గుండునకు మొనవఱకు రాగితొడుగుండును. అట్టి గుండు పందికి తగిలినచో తఱచు సన్నని రంధ్రము చేసికొని ఆవలికి పోవును. పంది అరమైలు పరుగెత్తి ఎవరి చెఱకుతోటలోనో పడియుండును. గాయపడిన మగపంది తెల్లవారి కలుపుతీయ వచ్చిన స్త్రీలకు ఎదురైనచో నేమగునో ఊహించుకొనవచ్చును. మొన దగ్గఱ తొడుగు లేక సీసము బయటికి కనబడు గుండు లోపలికి దిగగానే పుట్టగొడుగువలె విచ్చుకొని తన బలమును జంతువు శరీరములోనే ఖర్చుచేయును. ఇట్టి గుండును పంతొమ్మిదవ శతాబ్దము చివర కలకత్తా దగ్గఱి డమ్‌డమ్ ఆయుధశాలలో సైన్యమునకై తయారుచేసిరి. ఆ యూరిపేరే దానికి వచ్చినది. మనుష్యులమీద దీనిని వాడుట క్రూరమని 1899లో హేగు నగరమున దేశములు కొన్ని కూడి యుద్ధములో నిషేధించినవి. వేటలో మాత్రము జంతువు బాధపడక త్వరగా చచ్చుటకు ఇదియే తగినది.

గుండు బరువును గ్రెయినులలో చెప్పుదురు. ఇది మనకు క్రొత్త లెక్క గాదు. మన తులము సరిగా 180 గ్రెయినులు. అమెరికాలో 1906లో పుట్టి ఆ సంవత్సరము పేరనే 30-06 అని పిలువబడుచున్న తూటాలో 150 గ్రెయినుల గుండును, తులమెత్తు గుండును గూడ దొరకును. తేలికగుండు వేగముగా పోవును. అయినను ముదురు మగపంది భుజముమీద దళసరి మట్ట యొకటి కవచమువలె పెరిగియుండును గనుక తులమెత్తు గుండే మేలని నా సలహా. మన ప్రభుత్వ కర్మాగారములలో తయారైన .315 రైఫిలు గుండు 244 గ్రెయినులు, అనగా తులము మీద మూడవవంతు పైచిలుకు. పూర్వము ఆంగ్లప్రభుత్వమువారు సైన్యపు .303 తూటా ప్రజల చేత పడకుండ కట్టడి చేసినందున ఈ .315 మన దేశములో వ్యాపించినది. ఇది బరువైనది, నెమ్మదియైనది. నూఱు గజములలో చక్కగా పనిచేయును, దూరము పెరిగినకొలది త్వరగా క్రిందికి దిగును. ఒక రైఫిలు తూటాను మఱియొక రైఫిలులో పెట్టుట మాత్రము ప్రాణాపాయము. గొట్టముమీద చెక్కిన అంకెయు, తూటా అడుగున గల అంకెయు ఒక్కటిగా నుండవలెను.

గొట్టపు పొడవును గూర్చి అపోహలు చాల కలవు. పొడవైన గొట్టమే గురి తప్పదని పలువురి నమ్మకము. మందు మండి పుట్టిన వాయువు, గుండు గొట్టములో నున్నంతసేపు దానిని నెట్టుచుండును. కాబట్టి పొడవు పెరిగినకొలది వేగము కొంత పెరుగుట నిజమే. పెరుగుదల యెంత? 30-06 వంటి తూటాకు అంగుళమునకు సెకండునకు సుమారు 20 మొదలు 25 అడుగులు. 24 అంగుళముల గొట్టమునుండి తులమెత్తు గుండు సెకండునకు దాదాపు 2,700 అడుగుల వేగమున వెలువడును. గొట్టమును 20 అంగుళములు చేసినచో ఆ వేగము 2,600 కగును. నూఱు గజములకు గురి సరిచేసిన రైఫిలు గుండు రెండువందల గజముల వద్ద సుమారు నాలుగు అంగుళములు దిగును. పొట్టిగొట్టమైనచో మఱి అర అంగుళము దిగును. పందిని కాల్చుటలో ఈ యర అంగుళము లెక్కలోనిది గాదు.

అయితే మరీ పొట్టిదియు తగదు. 1944లో ఆంగ్లసైన్యమువారు అడవులలో మోయుటకై .303 గొట్టమును 25 అంగుళములనుండి 19 అంగుళములలోపునకు తగ్గించిరి. మోత తేలికయైనది గాని, మూతివద్ద మంట యెగసి, దానిని మఱుగుపఱచుటకు గరాటు వంటి దొకటి తగిలింపవలసి వచ్చెను. తన్ను గూడ హెచ్చెను. పందులు వచ్చునది రాత్రి గనుక మంచెమీద కూర్చున్నవాని కన్నులు ఆ మంటకు చెదరినచో రెండవ గుండు వేయలేడు. 22 అంగుళముల గొట్టము మంచెమీద త్రిప్పుటకును వీలు, మంటయు తక్కువ. మాగ్నము అని పేరుగల పెద్ద తూటాలకు ఇంకను పొడవు గొట్టము కావలెను; మన చేలకు వాని యవసరమే లేదు.

వేటకాడు రాగానే, ఆ రాత్రి వాడబోవు పెట్టెలోని తూటాలతోనే పగటివేళ నూఱు గజముల దూరమున మూడు కాల్చి చూడుమనవలెను. గుండు బరువు మారినచో గురియు మారును. పెట్టె మారినను మరల చూడవలసినదే.

అన్నిటికంటె ముఖ్యమైనది గుండు పోవు దారి. రైఫిలు గుండు తప్పినచో రెండు మైళ్లకు పైగా పోగలదు. పంది వెనుక మట్టికట్టగాని, చెఱువుగట్టుగాని కనబడనిచో కాల్చరాదు. సమతలమైన చేనిలో నేలమీద నిలిచి కాల్చుటకంటె మంచెమీదనుండి క్రిందికి కాల్చుట మేలు; గుండు నేలలో దిగిపోవును. పంది అడ్డముగా నిలిచినప్పుడు ముందుకాలి వెనుక, ఒంటి యెత్తులో క్రింది మూడవవంతున కొట్టవలెను. మందగా నున్నప్పుడు ఒకదాని వెనుక నింకొకటి లేనిది చూచుకొనవలెను. ఆ రాత్రి చేలలో నెవరును నీరు కట్టరాదనియు, పశువులను బయట కట్టరాదనియు గ్రామమంతటను దండోరా వేయించుట సంఘమువారి పని. మోటారు షెడ్లలో పండుకొనువారిని పేరుపేరున లెక్కించి సాయంకాలమునకే ఊరిలోనికి రప్పింపవలెను.

చచ్చిన పందిని అటవీశాఖవారు చెప్పినట్లు పాతిపెట్టవలెను. సీసపు తునకలున్న మాంసమును కుక్కలకు వేయరాదు. గాయపడి తప్పించుకొన్నది ఉన్నచో, నెత్తుటి జాడ తేలువఱకు ఆ దిక్కు చేలలోనికి కూలివారిని పంపరాదు.