పొగను పసిగట్టే కావలి

అగ్నిని దీపరూపంలో నిత్యం ఆరాధించే మనం ఒక సత్యాన్ని గుర్తుంచుకోవాలి. అగ్ని అదుపు తప్పినప్పుడు మంట కంటే ముందు ప్రాణాలు తీసేది తరచుగా పొగయే. 2023 నవంబరు 13న, దీపావళి మరునాడు, బషీర్‌బాగ్‌కు చేరువలోని నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పై అంతస్తులను కమ్మిన పొగ, మంటల వల్ల కనీసం తొమ్మిది మంది మరణించారు. అదే ఏడాది మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పొగకు ఊపిరాడక అసువులు బాసారు.

పొగ వాసనకు నిద్రలో తప్పక మెలకువ వస్తుందని నమ్మరాదు. ఆ మెలకువ తెప్పించేదే స్మోక్ డిటెక్టర్. దానిలోని కాంతికిరణం పొగ రేణువులకు తగిలి చెదరగానే అది బిగ్గరగా మోగుతుంది. పొగ పైకి లేస్తుంది కనుక ఈ పరికరాన్ని పైకప్పుకు, పడకగదులలోను వాటి వెలుపలి నడవలోను, అంతస్తుకు ఒకటి తక్కువ కాకుండా అమర్చుకోవాలి. వంటపొయ్యికి, ధూపం వేసే పూజామందిరానికి కనీసం మూడు మీటర్ల దూరం ఉంటే వృథాగా మోగదు.

కార్బన్ మోనాక్సైడ్ మరింత మోసకారి. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి చాలక గ్యాసు, బొగ్గు, కట్టెలు అరకొరగా మండినప్పుడు అది పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత కలిగి మనిషి స్పృహ కోల్పోతాడు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఇందుకే ప్రమాదకరం. స్మోక్ డిటెక్టర్ ఈ వాయువును గుర్తించలేదు. దీనికి వేరే డిటెక్టర్ గాని, రెండు పనులూ చేసే పరికరం గాని కావాలి. వంటగ్యాసు లీకును ఈ రెండూ కనిపెట్టలేవు.

నెలకొకసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. బ్యాటరీని సకాలంలో మార్చాలి. స్మోక్ డిటెక్టర్‌ను పదేళ్లకు, రెండవదానిని దానిపై ముద్రించిన గడువు నాటికి మార్చివేయాలి. మోత వినబడిన వెంటనే వస్తువుల కోసం ఆగక, లిఫ్టు ఎక్కక, మెట్లమీదుగా అందరూ బయటకు వచ్చి 101కు ఫోన్ చేయాలి.

యాత్రకు బయలుదేరే ముందు దీపం కొండెక్కిందో లేదో, గ్యాసు కట్టివేశారో లేదో చూసుకోవడం మనకు అలవాటే. ఇంట వృద్ధులను, పిల్లలను విడిచి వెళ్లేటప్పుడు ఆ బటన్‌ను కూడా ఒకసారి నొక్కి చూడండి. అది మోగితే ఏం చేయాలో వారికి చెప్పి మరీ గడప దాటండి.