కొత్త యంత్రము, పాత వేషము

కంప్యూటరును గూర్చి వ్రాయువారు సామాన్యముగా దాని వేగమును, ధరను, తెర యందమును వర్ణింతురేగాని, యంత్రమునకును మనకును నడుమ నిలిచి, జ్ఞాపకస్థలమును పంచుచు, ఏ పని ముందో ఏ పని వెనుకో తీర్పు చెప్పుచు, డిస్కుమీద దాచినదానిని అడిగినప్పుడు వెదకి తెచ్చియిచ్చు ఆపరేటింగ్ సిస్టమును, అది మారినప్పుడు తప్ప, ఎవరును తలపరు. అది కుదురుగా నున్నంతకాలము దాని యునికియే తెలియదు. మారిన మరునాడు మాత్రము ప్రింటరు పలుకదు, స్కానరు జాడ తెలియదు, ఇన్నేండ్లుగా ఎడమమూల నున్న బొత్తాము నడుమకు జరిగియుండును. ఈ వ్యవస్థల చరిత్రను పరికించినచో నాకు తోచునది యొక్కటియే: కొత్తది ఎంత కొత్తదైనను, పాతదానివలె నటింపగలిగినంతవరకే జనులు దానిని సహించిరి, ఆ నటన తప్పినచోటనెల్ల ఆగ్రహించిరి.

ఈ జాతికి మూలపురుషునిగా పలువురు ఎన్నునది 1956లో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధనాలయమువారును, నార్త్ అమెరికన్ ఏవియేషన్ అను విమాననిర్మాణసంస్థవారును కలిసి ఐబీఎమ్ 704 యంత్రమునకై వ్రాసికొన్న వ్యవస్థ. అంతకు పూర్వము ఆ మహాయంత్రమును వాడుకొనువారు వంతులవారీగా వచ్చి, తమ కార్డులకట్టలను తామే యెక్కించి, టేపులను తామే తగిలించి, సన్నాహములోనే వంతులో పెద్దభాగమును గడపివేసెడివారు. యంత్రము ఊరక యుండినను అద్దె మాత్రము ఆగెడిది కాదు. ఒక పని ముగియగానే తరువాతి పనిని మనుష్యుని చేయి సోకకుండ అందుకొనుటయే ఆ తొలి వ్యవస్థ చేసిన ఉపకారము. అప్పటికి మారుట యను సమస్య లేదు, మారుటకు వెనుక ఏమియు లేదు గనుక.

సమస్య 1964 ఏప్రిల్ 7న పుట్టినది. ఆనాడు ఐబీఎమ్ సంస్థ సిస్టమ్ 360 అను యంత్రకుటుంబమును ప్రకటించెను. చిన్నదానిపై వ్రాసిన ప్రోగ్రాము పెద్దదానిపైనను నడచునని చేసిన వాగ్దానము నిజముగా అపూర్వమైనది. కాని అప్పటికే, 1959లో వెలువడిన 1401 అను చిన్నయంత్రమును వేలకొలది కార్యాలయములు వాడుకొనుచు, జీతముల పట్టీలను, సరకుల లెక్కలను, బిల్లులను దానికి తగిన భాషలో వ్రాయించికొని స్థిరపడియుండెను. వానినెల్ల మరల వ్రాయించుకొనుడని చెప్పినచో, ఆ కొనుగోలుదారులు పోటీసంస్థల గుమ్మములు త్రొక్కుటకు ఎంతయో సేపు పట్టదు. అందుచే 360 లోని చిన్న నమూనాలలో, యంత్రాదేశములకంటె లోపలి పొరలో నుండు సూక్ష్మాదేశములను మార్చి, కోరినప్పుడు అచ్చముగా 1401వలె ప్రవర్తించు శక్తిని కూర్చిరి. పల్లెలో పగటివేషగాడు సోమయాజి వేషముతో వాకిట నిలిచినప్పుడు, ఇంటివారు నిజమైన సోమయాజికే చేటతో బియ్యము తెచ్చి పోసినట్లు, ఆ పాత జీతముల లెక్క తన యెదుటనున్నది 1401యే యని నమ్మి కొత్త యంత్రముపై నిశ్చింతగా నడచిపోయెను. అసలు వ్యవస్థయైన ఓఎస్ 360 మాత్రము అనుకొన్న గడువు దాటియు, అనుకొన్నదానికంటె అధికమైన జ్ఞాపకస్థలమును కోరియు నిర్మాతలను పెక్కు అగచాట్లు పెట్టినది. ఆ నిర్మాణమునకు నాయకుడైన ఫ్రెడరిక్ బ్రూక్స్ ఆ యనుభవమునే 1975లో గ్రంథముగా వ్రాసి ప్రఖ్యాతి గాంచెను.

బల్లమీది కంప్యూటర్ల కాలము వచ్చినను ఈ వేషధారణ మానలేదు. గ్యారీ కిల్డాల్ 1974లో రచించిన సీపీ/ఎమ్ అను వ్యవస్థ చిన్నయంత్రముల లోకమును ఏలుచున్న దినములలో, 1980లో టిమ్ పేటర్సన్ అను యువకుడు కొత్త ఇంటెల్ చిప్పునకై మరియొక వ్యవస్థను వ్రాయుచు, సీపీ/ఎమ్ ప్రోగ్రాములు సులభముగా తరలివచ్చుటకై దాని పిలుపుల తీరునే అనుసరించెను. మైక్రోసాఫ్ట్ దానిని కొని, 1981లో ఐబీఎమ్ పీసీతో లోకమునకు పంపినది. డాస్ అను పేర మనము ఎరిగినది అదియే. పాఠకుడు తన విండోస్ 10 కంప్యూటరులో ఒక ఫోల్డరునకు సి, ఓ, ఎన్ అను మూడు ఇంగ్లీషు అక్షరములు కలిపి పేరు పెట్టజూచినచో వ్యవస్థ ససేమిరా ఒప్పుకొనదు. ఆ పేరు ఆనాడు కీబోర్డును తెరను కలిపి సూచించు పరికరనామము. ఆ పరికరపు పిలుపుపై ఆధారపడిన పాత ప్రోగ్రాము ఎక్కడనైన బ్రతికియుండునేమో యను శంకచే నేటికిని ఎవరికిని ఇయ్యకుండ కాపాడుచున్నారు. డిస్కు సి యక్షరముతో మొదలగుటయు ఇట్టిదే: ఏ, బి యను రెండును ఫ్లాపీలకు పోయినవి, ఫ్లాపీలు నశించినను వాని పీఠములు ఖాళీగానే యున్నవి.

ఈ మర్యాదకు పరాకాష్ఠ 1995 ఆగస్టు 24న వెలువడిన విండోస్ 95లో కానవచ్చును. సిమ్‌సిటీ యను నగరనిర్మాణపు ఆటలో ఒక దోషము కలదు: తాను వాడుకొని తిరిగి యిచ్చివేసిన జ్ఞాపకస్థలమును, ఇచ్చిన పిమ్మట మరల చదువుచుండెడిది. పాత వ్యవస్థలో ఆ స్థలము వెంటనే ఎక్కడికిని పోదు గనుక దోషము బయటపడలేదు. కొత్త వ్యవస్థను పరీక్షించునప్పుడు ఆట కూలిపోయెను. తప్పు ఆటదేయైనను, కొన్నవాడు నిందించునది విండోస్‌నే గదా. అందుచే మైక్రోసాఫ్ట్ నిపుణులు ఆ ఆటను విప్పి చూచి, నడచుచున్నది సిమ్‌సిటీయైనచో తిరిగి యిచ్చిన స్థలమును వెంటనే లాగుకొనకుము అను ప్రత్యేకశాసనమును వ్యవస్థలోనే వ్రాసిరి. దీనిని చూచి నవ్వు నిపుణులు కలరు. ఇట్టి మినహాయింపులు పేరుకొనుటచే వ్యవస్థ ఏటేట స్థూలకాయమగుననుటయు సత్యమే. అయినను ఇతరుల తప్పును తన నెత్తిన వేసికొని మౌనముగా సరిదిద్దిన ఈ పనివాండ్రయందు నాకు గౌరవము మెండు.

ఆపిల్ సంస్థాధిపతి స్టీవ్ జాబ్స్ మార్గము వేరు. 2002 మే నెలలో తమ ప్రోగ్రామర్ల సభలో ఆయన వేదికమీదికి శవపేటికను తెప్పించి, పాత మ్యాక్ ఓఎస్ 9కి అంత్యక్రియలు జరిపెను. సభికులు నవ్విరి, కాని పత్రికాఫీసులలో పేజీలు కూర్చువారు ప్రాణముగా వాడుకొను క్వార్క్ ఎక్స్‌ప్రెస్ కొత్త వ్యవస్థకు తగిన రూపములో 2003లో గాని రాలేదు. బ్రతికియున్నవానికే తిలోదకములు విడిచినట్లయినది. అంతవరకు క్లాసిక్ అను పేర, కొత్త వ్యవస్థ కడుపులోనే పాతది నడచుచుండెను. 2006 నాటి ఇంటెల్ మ్యాకులలో దానికిని చోటు లేకపోయెను.

2007 జనవరి 30న బజారునకు వచ్చిన విండోస్ విస్టా కథ మరియు విచిత్రము. అంతకు ముందటి విండోస్ ఎక్స్‌పీలో సామాన్యముగా ఇంటిల్లిపాదియు యజమానులే. ఏ ప్రోగ్రామైనను ఏ ఫోల్డరులోనైనను వ్రాసికొనవచ్చును. రక్షణకొరకు విస్టా ఆ స్వేచ్ఛను తొలగించినది. మరి పాత ప్రోగ్రాములో? అవి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో వ్రాయబోయినప్పుడు, విస్టా సరే వ్రాసికొమ్మని నమ్మించి, ఆ వ్రాతను రహస్యముగా వర్చువల్‌స్టోర్ అను వేరొక ఫోల్డరులో పడవేయుచుండెను. ప్రోగ్రాము సంతసించెను, మనిషి మాత్రము తన లెక్కలపుస్తకమును భద్రపరచినచోట వెదకి, కానక, పోయినదని గుండె బాదుకొనెను. యంత్రమును మోసగించుటకు వేసిన వేషము మనుష్యుని మోసగించినది. ఇక ప్రింటర్ల, స్కానర్ల డ్రైవర్ల విషయమున నటనయే పనికిరాలేదు. తయారీదారు కొత్తది వ్రాసి యియ్యనిచో, నిక్షేపముగా పనిచేయు స్కానరు అటకయెక్కవలసినదే. 2012లో విండోస్ 8 వేషమునే విసర్జించి, పదునేడేండ్లుగా చేతికి అలవడిన స్టార్ట్ బొత్తామును తీసివేసెను. కేకలు భరింపలేక మరుసటి యేట 8.1లో దానిని మరల ప్రతిష్ఠించిరి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలకులు సుమారు పదునైదువేల కంప్యూటర్లను పదేండ్లు శ్రమించి లినక్స్‌కు మార్చి, 2017లో మరల విండోస్‌కే పోవ నిశ్చయించిరి. దానిలో రాజకీయమెంతయో, పత్రముల పొరపొచ్చెము లెంతయో విడదీసి చెప్పుట కష్టము.

మన తెలుగువారి కష్టము వీనియన్నిటికంటె లోతైనది, ఇక్కడ వేషము వేసికొన్నది అక్షరమే గనుక. డీటీపీ తొలిదినములలో ఫాంటున నున్న గడులు 256 మించవు; అవియు ఇంగ్లీషునకు ఏర్పడినవి. మనవారు ఆ గడులలో తలకట్టులను, గుడులను, కొమ్ములను, వత్తులను విడివిడిగా నింపి, ఆపిల్, మాడ్యులర్ మొదలగు కీబోర్డుల మీటలనుండి వానిని పిలుచు చిన్న సాధనమును వ్యవస్థకును ప్రోగ్రామునకును నడుమ దూర్చిరి. పేజీలు కూర్చు పేజ్‌మేకరు అను ప్రోగ్రామునకు తెలిసినంతవరకు తాను కూర్చుచున్నది అర్థములేని ఇంగ్లీషు. ఆ ఉపాయముతోనే ఒక తరము తెలుగు పుస్తకములు, శుభలేఖలు, కరపత్రములు అచ్చుపడినవి. లోకపు లిపులకు సంకేతములు ఏర్పరచు యూనికోడ్ 1991లోనే తెలుగునకు 128 గడుల స్వంతయింటిని కట్టియుంచెను; 2001 నాటి ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో ఆ యింటి తలుపు తెరచెను. కాని ఆ యేటనే తుదిరూపమైన 7.0 వెలువడిన పేజ్‌మేకరు యూనికోడును ఎరుగదు. విండోస్ మారినపుడెల్ల ఆ నడిమి సాధనము మూగవోవును.

అందుచే 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సంరక్షణ ముగిసిన పిమ్మటను డీటీపీ సెంటర్లలో ఒక ముసలి యంత్రము, నెట్టు తీగ పీకివేయబడి, మూలన పనిచేయుచుండుట కద్దు. “కొత్త సిస్టంలో పాత ఫైళ్ళు తెరుచుకోవండీ, దీన్ని మాత్రం ఫార్మాట్ కొట్టించొద్దు” అని ఆపరేటరు యజమానిని ముందే హెచ్చరించును. కన్వర్టర్లు లేకపోలేదు. అయితే పాత ఫైలులో ముక్కలు కంటికి కనబడు క్రమములో నిలిచియుండగా, యూనికోడ్ వానిని ఉచ్చారణ క్రమములో కోరును. వత్తులు తారుమారగుట అందుచేతనే. ఫాంటుగుర్తులు వదలి ఉత్త పాఠమునే కన్వర్టరులో వేసినచో, నడుమనున్న నిజమైన ఇంగ్లీషుమాటయు తెలుగుముక్కలుగా మారిపోవును, ఏది వేషమో ఏది నిజరూపమో దానికి తెలియదు గనుక. నాలుగువందల పుటల పుస్తకమును అది క్షణములో మార్చి పారవేయును. పిమ్మట ప్రూఫురీడరు మొదటి పుటనుండి మరల చదువవలెను, ఆ చదువునకు పుటకింత యని ప్రచురణకర్తతో బేరమాడవలెను.