మీకు తెలుసా? గుండెలోని మచ్చను ఎంఆర్‌ఐ కొలుస్తుంది

గుండె వైఫల్యంలో కండర కణాల మధ్య పీచులాంటి కణజాలం, అంటే మచ్చ, పేరుకుంటుంది. గుండె నుంచి ముక్క తీయకుండానే కార్డియాక్ ఎంఆర్‌ఐ దాన్ని చూపగలదు. నరంలోకి ఎక్కించే గాడోలినియం మందు బతికున్న కణాల లోపలికి వెళ్లదు, వాటి మధ్య ఖాళీల్లోనే ఉంటుంది. మచ్చలో ఆ ఖాళీలు ఎక్కువ కాబట్టి మందు అక్కడ నిలుస్తుంది. అందుకే 10-15 నిమిషాల తర్వాత తీసిన చిత్రాల్లో మచ్చ పడిన చోటు తెల్లగా మెరుస్తుంది. మచ్చ గుండె గోడ లోపలి అంచు నుంచి పాకి ఉంటే పాత గుండెపోటును అనుమానిస్తారు. గోడ మధ్యలోనే ఉంటే సాధారణంగా కారణం వేరే.

ఇంకా గొప్ప సంగతి, ఆ ఖాళీలను శాతాల్లో లెక్కకట్టవచ్చు. మందుకు ముందూ తర్వాతా తీసుకున్న టీ1 (కణజాలపు ఎంఆర్‌ఐ సంకేతం కోలుకునే సమయం) కొలతలకు రక్తపరీక్షలోని హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) జోడిస్తే చాలు. ఆరోగ్యవంతుల్లో ఆ ఖాళీల వాటా సుమారు 25 శాతం. అసహజ ప్రోటీన్ గుండెలో పేరుకునే అమిలాయిడోసిస్ జబ్బులో తరచూ 40 దాటుతుంది.

పేస్‌మేకర్ ఉన్నా, కిడ్నీ జబ్బున్నా స్కాన్‌కు ముందే డాక్టరుగారికి చెప్పండి.