మానని పడిసెము – ముక్కు పరీక్ష

తెల్లవారి ప్రక్కమీదనుండి లేచుచునే వరుసగా తుమ్ములు, ముక్కునుండి నీరు, ముక్కు దిబ్బడ, కండ్ల దురద – ఇట్టి బాధ గలవారు ప్రతి గ్రామమునందును ఉందురు. జ్వరము రాదు గనుక దీనిని పాత పడిసెమని ఉపేక్షింతురు. లేదా అక్కరలేని సూదిమందులకు సొమ్ము వ్యయము చేయుదురు. బాలురకు నిద్ర చెడి చదువు కుంటుపడును. కొందరికి ఉబ్బసము కూడ తోడగును. కావున దీని కారణమును, దానిని నిర్ధారించు విధమును పంచాయితీ సభ్యులకు వివరింపదలచితిమి.

దుమ్ములోని నల్లి

ఈ బాధకు ముఖ్యకారణములలో ఒకటి ఇంటి దుమ్మునందలి నల్లి. ఇది మంచములలో రక్తము పీల్చు నల్లి కాదు. మిరపచేలకు పట్టు నల్లివలె ఎనిమిది కాళ్ల జీవి. మిల్లీమీటరులో సుమారు మూడవవంతే ఉండుటచే కంటికి ఆనదు. మన శరీరమునుండి రాలు చర్మపు పొట్టును తిని పరుపులలో, దిండ్లలో, బొంతలలో పెరుగును. తేమ హెచ్చుగానున్నచో వృద్ధిచెందును. ఇది కరవదు. దీని మలమునందలి పదార్థము ఊపిరితో లోనికి పోయి, సరిపడనివారి ముక్కును రేపును. ఇంటి దుమ్ము ఎలర్జీకి ఈ జీవి ముఖ్యమూలమని నెదర్లాండ్సునందలి లైడెన్ నగర శాస్త్రజ్ఞులు 1960 దశకమున వెల్లడించిరి.

చర్మము చెప్పనిది ముక్కు చెప్పును

వైద్యులు మొదట రోగి చెప్పునది విని, ముక్కును చూతురు. పిమ్మట ముంజేతిపై నల్లిసారము చుక్క వేసి, సూదిమొనతో తేలికగా గుచ్చి, 15–20 నిమిషములకు దద్దురు లేచినదా అని పరిశీలింతురు. రక్తపరీక్షయు కలదు. చాలమందికి ఇవి చాలును. కాని దద్దురు లేచినంతమాత్రమున ముక్కు బాధకు నల్లియే కారణమని చెప్పవీలులేదు. దద్దురు లేవనివారిలోను కొందరికి ముక్కునందు మాత్రమే ఎలర్జీ ఉండును. అప్పుడు ముక్కునే పరీక్షింపవలెను.

ముందుగా నల్లిసారము కలపని ద్రావణమును ముక్కులో చల్లుదురు. దానికే ముక్కు రేగినచో పరీక్ష ఫలితమును నమ్మరాదు. రేగనిచో నల్లిసారమును తగుమోతాదున చల్లి, తుమ్ములు లెక్కించి, కారు నీటిని గమనించి, ముక్కున గాలి ప్రసారము ఎంత తగ్గినదో యంత్రముతో కొలుతురు. ఈ మార్గము పాతదే. మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ పుప్పొడిని తన ముక్కుపైననే ప్రయోగించి, ఆ ఫలితములను 1873లో ప్రకటించెను.

జాగ్రత్తలు

ఈ పరీక్ష అన్ని ఆసుపత్రులలోను జరుగదు. నిపుణులును, అత్యవసర చికిత్సా సాధనములును ఉన్నచోటనే చేయించుకొనవలెను. పడిసెము పట్టియున్నప్పుడును, ఉబ్బసము అదుపులో లేనివారికిని, గర్భిణులకును చేయరు. తుమ్ముల మాత్రలను వైద్యుడు చెప్పినన్ని దినములు ముందుగా మానవలెను. ఇంట దుమ్ము పీల్చి చూచుట పరీక్ష కాదు, అపాయకరము.

నిర్ధారణ ఏల ముఖ్యమన, నల్లిసారమునే స్వల్పమోతాదులలో ఇచ్చి శరీరమును అలవాటుపరచు చికిత్స సాధారణముగా మూడేండ్లు సాగును. కారణము తప్పినచో అంత కాలమును, ధనమును వృథా యగును.

సభ్యులు తమ వార్డులలో ఇట్టి బాధ గలవారిని, ముఖ్యముగా బాలురను, ఆసుపత్రికి పంపవలెను. దుప్పట్లు, గలేబులు వారమునకొకసారి 60 డిగ్రీల వేడినీట ఉతికి, పరుపులను ఎండబెట్టి, నేలను తడిగుడ్డతో తుడువవలెనని ఇంటింట తెలుపవలెను.