లావు తీగ చెప్పిన పాఠం
ఆరు తీగల బాస్ గిటారు – దాని వెనుక ఉన్న భౌతికశాస్త్రం

కొన్నేళ్ళ క్రితం హనుమకొండలో మా పాఠశాల వార్షికోత్సవం. పిల్లల పాటలకు వాద్య సహకారం ఇవ్వడానికి ఒక ఆర్కెస్ట్రా వారిని పిలిపించాం. కీబోర్డు, తబలా, డ్రమ్ములు, ఒక గిటారు. వాటి వెనకాల ఒక మూలగా నిలబడి ఒకాయన పొడవాటి మెడ, లావు తీగలు ఉన్న మరో గిటారు వాయిస్తున్నాడు. లెక్కపెడితే దానికి ఆరు తీగలు.

నా పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "సార్, ఆ లావు తీగల గిటారాయన వాయిస్తనే ఉన్నడు. మరి సప్పుడేది?"

"అది ఊరికే జత కోసం అమ్మా, అంత ముఖ్యం కాదు" అన్నాను. నాకు తెలియదు అని చెప్పడానికి నోరు రాలేదు.

రెండో పాట మధ్యలో ఎవరి కాలో తగిలి ఆయన పెట్టె ప్లగ్గు ఊడిపోయింది. పాట ఆగలేదు. కీబోర్డు మోగుతోంది, డ్రమ్ములు మోగుతున్నాయి, పాప పాడుతూనే ఉంది. కానీ పాట ఒక్కసారిగా బోలుగా, పునాది తీసేసిన గోడలా అయిపోయింది. ప్లగ్గు మళ్ళీ పెట్టగానే మేం కూర్చున్న బల్ల సన్నగా అదిరింది, పాట నిండింది. ఆ అమ్మాయి నావైపు చూసింది, ఏమీ అనలేదు. అనవలసిన అవసరం కూడా లేదు!

మర్నాడు తరగతిలో నా జవాబు తప్పని ఒప్పుకుని, ప్రయోగశాలలో దుమ్ము పట్టి ఉన్న సోనోమీటరు బయటికి తీశాను. ఆ రోజు మేం తెలుసుకున్నవీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ ఇప్పుడు మీకు చెబుతాను.

గెలీలియో తండ్రి వేలాడదీసిన బరువులు

తీగను మీటితే అది కంపిస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్యే పౌనఃపున్యం. దీన్ని హెర్ట్‌జ్‌లలో చెబుతాం. పౌనఃపున్యం ఎక్కువైతే స్వరం కీచుగా, తక్కువైతే గంభీరంగా ఉంటుంది. అది రెట్టింపు అయితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. అంటే మధ్య షడ్జమం నుంచి తారషడ్జమానికి అన్నమాట.

తీగ పొడవు సగం చేస్తే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుందని ప్రాచీన గ్రీకులకే తెలుసు. మరి పొడవు మార్చకుండా, తీగను లాగే బలాన్ని, అంటే తన్యతను, పెంచి స్వరాన్ని ఒక స్థాయి పెంచాలంటే? "రెట్టింపు బరువు కట్టాలి" అని వందల సంవత్సరాలు పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. ఇటలీలో విన్సెంజో గెలీలీ అనే సంగీతకారుడు స్వయంగా తీగలకు బరువులు వేలాడదీసి చూశాడు. రెట్టింపు చాలలేదు, నాలుగు రెట్లు కావలసి వచ్చింది! 1589లో ఆయన ఈ విషయాన్ని ప్రచురించాడు. ఈయన ఎవరో కాదు, ప్రఖ్యాత శాస్త్రవేత్త గెలీలియోకు తండ్రి. పెద్దలు చెప్పినదైనా సరే, కొలిచి చూడకుండా నమ్మరాదన్న గుణం కొడుక్కి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించవచ్చు.

తర్వాత 1636లో ఫ్రాన్సు దేశస్థుడు మెర్సెన్ ఈ సూత్రాలన్నిటినీ క్రోడీకరించాడు. అవి మూడు:

1. తీగ పొడవు పెరిగితే పౌనఃపున్యం అదే నిష్పత్తిలో తగ్గుతుంది.
2. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది.
3. పౌనఃపున్యం తీగ ఒక సెంటీమీటరు పొడవుకు ఉండే ద్రవ్యరాశి వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. అంటే బరువైన తీగ మెల్లగా కంపిస్తుంది.

ఈ మూడు సూత్రాలూ చేతిలో ఉంటే బాస్ గిటారును మనమే తయారు చేసుకోవచ్చు. రండి, కాగితం మీద ప్రయత్నిద్దాం.

కాగితం మీద ఒక బాస్ గిటారు

మామూలు గిటారులో అతి మంద్రపు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. దాని పొడవు దాదాపు 65 సెంటీమీటర్లు. ఆరు తీగల బాస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ సుమారు 31 సార్లు మాత్రమే కంపిస్తుంది. మన చెవికి వినబడే కనీస పౌనఃపున్యం దాదాపు 20 అని మీరు చదువుకున్నారు కదా. ఈ తీగ ఆ సరిహద్దుకు దగ్గరలో ఉందన్నమాట. 82 నుంచి 31కి ఎలా దిగాలి?

మొదటి ఉపాయం: పొడవు పెంచడం. 82ను 31తో భాగిస్తే సుమారు 2.65. కాబట్టి తీగ 172 సెంటీమీటర్లు ఉండాలి. మనిషి ఎత్తు తీగ! చెయ్యి ఎలా అందుతుంది?

రెండో ఉపాయం: తీగను వదులు చేయడం. 2.65కు వర్గం 7. తన్యతను ఏడో వంతుకు తగ్గించాలి. అప్పుడు తీగ బట్టలు ఆరేసే దండెంలా వేలాడుతుంది. మీటితే పలకకపోగా మెడకు కొట్టుకుని చప్పుడు చేస్తుంది.

మూడో ఉపాయం: తీగను బరువు చేయడం. ఏడు రెట్లు బరువైన తీగ వేస్తే సరి. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. లావైన ఉక్కు తీగ తీగలా కాక ఊచలా ప్రవర్తిస్తుంది, సులువుగా వంగదు. స్వచ్ఛమైన తీగ 31తో పాటు 62, 93, 124 ఇలా సరైన గుణిజాలలో కూడా ఏకకాలంలో కంపిస్తుంది. వీటిని అనుస్వరాలంటారు. ఊచలాంటి తీగలో అనుస్వరాలు ఈ వరుస తప్పి పైకి జరుగుతాయి. స్వరం మసకబారుతుంది.

మరి ఏం చేశారు? మీ సైకిలు చూడండి. చక్రపు పుల్లను వంచడం కష్టం. బ్రేకు వైరు మాత్రం తేలికగా వంగుతుంది. ఎందుకంటే అది సన్నటి పోగులతో పేనినది. బాస్ తీగలోనూ ఇలాంటి యుక్తే ఉంది. మధ్యలో సన్నని ఉక్కు తీగ, దాని చుట్టూ దగ్గర దగ్గరగా మరో తీగ చుట్ట. లాగే బలాన్ని లోపలి తీగ మోస్తుంది, బరువును పై చుట్ట ఇస్తుంది. బరువు పెరిగింది, బిరుసు పెరగలేదు! పియానో మంద్ర తీగలకు రాగి తీగ చుట్టడంలోని రహస్యమూ ఇదే.

నిజమైన వాద్యంలో మొదటి, మూడో ఉపాయాలను కలిపి వాడతారు. పొడవును 86 సెంటీమీటర్లకు, అంటే 34 అంగుళాలకు, లేదా అంతకు కాస్త ఎక్కువకు పెంచి, మిగిలిన భారాన్ని చుట్టిన తీగకు అప్పగిస్తారు.

ఆరు తీగలు ఎందుకు?

బాస్ గిటారు రాకముందు ఈ పని చేసినది డబుల్ బాస్. మనిషికంటే ఎత్తుగా ఉండే, నిలబడి వాయించే పెద్ద వాద్యం అది. దాన్ని మోసుకు తిరగడం ఒక యాతన. 1951లో అమెరికాలో లియో ఫెండర్ భుజానికి తగిలించుకునే నాలుగు తీగల విద్యుత్ బాస్‌ను అమ్మకానికి తెచ్చాడు. విచిత్రం ఏమిటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు. వృత్తిరీత్యా రేడియోలు బాగుచేసే మనిషి.

1961లో ఆ కంపెనీయే ఆరు తీగల బాస్ ఒకటి తెచ్చింది. అది మామూలు గిటారు శ్రుతినే ఒక స్థాయి కిందికి దించినది. నేడు మనం ఆరు తీగల బాస్ అంటున్నది వేరు. ఆంథొనీ జాక్సన్ అనే వాద్యకారుడు "నాలుగు తీగలతోనే ఎందుకు ఆగాలి?" అని ప్రశ్నించుకున్నాడు. ఆయన కోరిక మీద 1975లో కార్ల్ థాంప్సన్ అనే తయారీదారుడు కింద ఒక తీగ, పైన ఒక తీగ చేర్చి వాద్యం చేసి ఇచ్చాడు.

ఆ ఆరు తీగల పౌనఃపున్యాలు వరుసగా సుమారు 31, 41, 55, 73, 98, 131. ప్రతి సంఖ్యను దాని ముందున్న దానితో భాగించి చూడండి. ప్రతిసారీ దాదాపు 1.33, అంటే 4/3 వస్తుంది. ఇది షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య ఉన్న నిష్పత్తే! మెడ మీద సాధారణంగా 24 మెట్లుంటాయి, అంటే ఒక్కో తీగ మీద రెండు స్థాయిలు. మన వీణకూ సరిగ్గా 24 మెట్లే. నాలుగు వాయించే తీగలతో వీణ మూడున్నర స్థాయిలు పలికితే, ఆరు తీగల బాస్ నాలుగు స్థాయిలకు కాస్త పైగా పలుకుతుంది.

అయితే లాభంతో పాటు కష్టమూ ఉంది. మెడ వెడల్పవుతుంది, బరువు పెరుగుతుంది. ఒక తీగ మీటితే పక్క తీగలు అనునాదం వల్ల తమంతట తామే మోగుతాయి. వాటిని అరచేతితో, వేళ్ళతో అణచి పెట్టడం కూడా వాద్యకారుడి విద్యలో భాగమే.

అయస్కాంతం వింటుంది

31 హెర్ట్‌జ్ ధ్వని తరంగం పొడవెంత? గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 31తో భాగిస్తే 11 మీటర్లు. మీ తరగతి గది కంటే పొడుగు! పైగా మన చెవి మంద్ర ధ్వనులను అంత సులువుగా పట్టుకోదు. అందుకే వాటిని వినిపించడానికి చాలా శక్తి కావాలి. వీణకు పనసకర్ర కుండ చాలుతుంది. బాస్‌కు అలాంటి పెట్టె కట్టాలంటే మళ్ళీ డబుల్ బాస్ అంత కావాలి.

కాబట్టి విద్యుత్తును ఆశ్రయించారు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటాయి. పైన ఉక్కు తీగ ఊగినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో అదే పౌనఃపున్యంతో విద్యుత్ ప్రవాహం పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేస్తుంది. ప్లగ్గు ఊడగానే ఆ రోజు స్వరం ఎందుకు మాయమైందో ఇప్పుడు తెలిసింది కదా!

ఇంకో వింత. అరచేయంత రేడియోలోని చిన్న స్పీకరు 41 హెర్ట్‌జ్‌ను దాదాపు పలకలేదు. అయినా పాటలో బాస్ మనకు వినిపిస్తుంది. ఎలా? స్పీకరు 82, 123, 164 అనుస్వరాలను పలుకుతుంది. వాటి మధ్య దూరం ప్రతిసారీ 41. అడుగుజాడల మధ్య దూరాన్ని బట్టి నడిచిన మనిషిని ఊహించినట్లు, మన మెదడు లేని 41ని తానే పూరించుకుంటుంది.

పాటలో దాని పని ఏమిటి?

మన కచేరీలో తంబుర ఆధార శ్రుతిని నిలకడగా ఇస్తుంది. తంబుర, వీణల గుర్రం వంపు వల్ల తీగలో అనుస్వరాలు ఎంత సమృద్ధిగా పుడతాయో సర్ సి.వి. రామన్ 1921లో వివరించారు. మన ప్రాంతంలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడిక చూశారా? చర్మానికి కట్టిన తీగను బిగిస్తూ, వదులుతూ మీటుతారు. తన్యత మారినప్పుడల్లా ఆ గంభీర స్వరం జారుతూ మారుతుంది. జనగామ ప్రాంతపు పాలకురికి పేరు మోసిన సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఎన్నో రకాల వీణల పేర్లు చెప్పాడు. తీగ వాద్యాలు మనకు కొత్తవి కావు.

తంబుర కదలని పునాది. బాస్ కదిలే పునాది. ఇది డ్రమ్ముతో కలిసి లయను నిలుపుతుంది, పై స్వరాల అర్థాన్నీ మారుస్తుంది. నమ్మకం లేదా? హార్మోనియం మీద స, అంతర గాంధారం కలిపి నొక్కండి. వాటితో పాటు కింది స్థాయి షడ్జమం నొక్కితే నిండుగా, సంతోషంగా వినిపిస్తుంది. అది వదిలి కింది చతుశ్రుతి ధైవతం నొక్కండి. పై రెండు స్వరాలు మారలేదు, కానీ భావం విచారంగా మారిపోతుంది! మూలన నిలబడిన ఆయన పని అదీ.

మీరే చేసి చూడండి

కావలసినవి: లావు గాలం దారం, రెండు గుండ్రని పెన్సిళ్ళు, నాలుగు లీటరు నీళ్ళ సీసాలు, ఒక గట్టి సంచి.

దారం ఒక కొన బల్లకు కట్టి, రెండో కొనను బల్ల అంచు మీదుగా వేలాడదీసి సంచి కట్టండి. పెన్సిళ్ళను దారం కింద 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. సంచిలో ఒక సీసా పెట్టి మీటండి. ఇప్పుడు ఒక పెన్సిలును 25 సెంటీమీటర్లకు జరిపి మీటండి. ఆ స్వరాన్ని నోటితో పాడి గుర్తుంచుకోండి. మళ్ళీ 50 సెంటీమీటర్లకు తెచ్చి, సీసాలు ఒక్కొక్కటే పెంచుతూ మీటండి. గుర్తుంచుకున్న స్వరం ఎన్ని సీసాలకు వస్తుంది? దారం తెగవచ్చు కనుక ముఖం దూరంగా ఉంచండి, సంచి కింద పాదాలు పెట్టకండి.

చివరగా మీకో ప్రశ్న. విద్యుత్ బాస్ గిటారుకు ఉక్కు తీగలు తీసేసి పూర్తిగా ఇత్తడి తీగలు బిగిస్తే ఆంప్లిఫయరులో స్వరం వినిపిస్తుందా? జవాబు ఈ వ్యాసంలోనే దాగి ఉంది. వెతికి, మీ సైన్సు మాస్టారికి కారణంతో సహా చెప్పండి. ఆయన "తెలియదు, చూద్దాం పట్టు" అంటే చిన్నబుచ్చుకోకండి. ఆ రోజు నేను ఆ మాటే అని ఉండవలసింది.