తుపాకీనా.. సత్యాగ్రహమా? నిజాంపై పోరులో పాలమూరు ఏ దారిలో నడిచింది?

సెప్టెంబర్ 17 వచ్చిందంటే చాలు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో జెండాలు ఎగురుతాయి. గొడవంతా ఆ రోజు పేరు మీదే. ఒకరు విమోచన దినం అంటారు. ఇంకొకరు జాతీయ సమైక్యతా దినం అంటారు. మరొకరు ప్రజాపాలన దినోత్సవం అంటారు. కమ్యూనిస్టులేమో సాయుధ పోరాట వార్షికోత్సవం జరుపుతారు.

పేర్ల గొడవ వెనుక అసలు ప్రశ్న ఒకటుంది. నిజాం పాలన ఎవరి వల్ల పోయింది? సత్యాగ్రహం చేసి జైలుకెళ్లిన వాళ్ల వల్లా? తుపాకీ పట్టిన వాళ్ల వల్లా? లేక ఢిల్లీ పంపిన సైన్యం వల్లా? ఈ మూడు జిల్లాలు 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఈ పాత పాలమూరు చరిత్రలో ఆ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

ఇంతకీ పోరు ఎవరి మీద?

హైదరాబాద్ రాజ్యాన్ని బ్రిటిష్ వాళ్లు నేరుగా పాలించలేదు. కానీ 1798 సైన్య సహకార ఒప్పందం నుంచి నిజాం వాళ్ల నీడలోనే ఉన్నాడు. హైదరాబాద్ కోఠిలో బ్రిటిష్ రెసిడెంట్ కూర్చునేవాడు. నిజాం కింద గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపూర్), అమరచింత (ఆత్మకూరు), గోపాల్‌పేట సంస్థానాలు ఉండేవి.

అంటే పాలమూరు రైతు నెత్తిన సంస్థానం, దాని మీద నిజాం, ఆ పైన బ్రిటిష్ సామ్రాజ్యం. పన్నులు కట్టేది, వెట్టి చేసేది మాత్రం కింద ఉన్నవాడే.

ముందు కదిలింది కలం

సభ పెట్టాలన్నా ముందే అనుమతి తీసుకోవాల్సిన రోజులవి. గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబిచ్చారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు కూడా ఆయనే.

మాతృభాషలో చదువు, ఊరూరా గ్రంథాలయం, వెట్టి రద్దు.. ఇవీ అప్పటి డిమాండ్లు. వినడానికి చిన్నవే. కానీ తర్వాత రెండు దారుల్లో నడిచిన వాళ్లలో చాలామంది ఈ సభల్లోంచి వచ్చినవాళ్లే.

దెబ్బకో వందేమాతరం

1938 అక్టోబర్‌లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలుపెట్టింది. పార్టీ పూర్తిగా ఏర్పడకముందే నిజాం ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అదే సమయంలో ఆర్యసమాజం కూడా సత్యాగ్రహానికి దిగింది. అలంపూర్ తాలూకా క్యాతూరులో పుట్టిన వావిలాల రామచంద్రరావు అప్పుడు జైలుకెళ్లారు. ఒక్కో దెబ్బకు ‘వందేమాతరం’ అని అరిచారని చెబుతారు. ఆ తర్వాత ఆయన ఇంటిపేరే మారిపోయింది. జనానికి ఆయన వందేమాతరం రామచంద్రరావు.

మరి ఫలితం? గాంధీజీ సలహాతో స్టేట్ కాంగ్రెస్ ఆ డిసెంబర్‌లోనే సత్యాగ్రహం ఆపేసింది. ఆర్యసమాజం పోరుతో కలిసిపోయి, ఇది మతాల గొడవగా కనబడుతుందన్నది భయం. పార్టీపై నిషేధం మాత్రం 1946 దాకా పోలేదు. శాంతియుత పోరాటం జనాన్ని కూడగట్టింది కానీ నిజాంను కదపలేకపోయింది.

అప్పంపల్లిలో ఏం జరిగింది?

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. హైదరాబాద్‌కు రాలేదు. భారత్‌లో కలవనని నిజాం తేల్చి చెప్పాడు. దాంతో స్టేట్ కాంగ్రెస్ ‘జాయిన్ ఇండియా’ ఉద్యమానికి దిగింది. జెండాలు ఎగరేయడం, లెవీ ధాన్యం ఇవ్వకపోవడం, నిజాం ఆదాయం మీద దెబ్బ పడేలా కల్లు చెట్లు నరకడం.. పాలమూరు ఊళ్లకూ ఈ వేడి పాకింది.

1947 అక్టోబర్ 7న ఆత్మకూరు ప్రాంతంలోని అప్పంపల్లిలో గ్రామస్థులపై నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. 11 మంది చనిపోయారు. దేశమంతా స్వాతంత్ర్యం వచ్చిందన్న సంబరంలో ఉన్నప్పుడు, ఇక్కడ దాని కోసం ప్రాణాలు పోతున్నాయి. జెండా పట్టుకున్నా తూటా తప్పదంటే, ఇంకెంతకాలం చేతులు కట్టుకుని ఉండాలన్న ప్రశ్న అప్పుడు చాలామందిని వేధించింది.

తుపాకీ ఎందుకు పట్టారు?

ఈ ప్రశ్నకు కమ్యూనిస్టులు అప్పటికే జవాబు ఇచ్చేశారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. మొదట్లో జనం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలే. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్, బద్దం ఎల్లారెడ్డి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

ఈ పోరు గుండెకాయ నల్గొండ, వరంగల్ జిల్లాలు. అయితే సైన్యం ఒత్తిడి పెరిగాక దళాలు అడవి బాట పట్టాయి. నాగర్‌కర్నూల్ వైపున్న అమ్రాబాద్, నల్లమల అడవులు కథలోకి వచ్చింది అప్పుడే. 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని, 4,000 మంది ప్రాణాలిచ్చారని కమ్యూనిస్టుల లెక్క.

కాంగ్రెస్ వాళ్లూ ఆయుధాలు పట్టారా?

పట్టారు. చాలామంది మర్చిపోయే విషయమిది. రజాకార్ల దాడులు పెరిగాక స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు సరిహద్దు అవతల క్యాంపులు పెట్టారు. గద్వాల, అలంపూర్ వైపు వాళ్లకు తుంగభద్ర దాటితే కర్నూలే. ఈ క్యాంపుల నుంచి నిజాం పోలీసు, కస్టమ్స్ చౌకీలపై సాయుధ దాడులు జరిగాయి. కాబట్టి గాంధీ టోపీ అంతా అహింస, ఎర్రజెండా అంతా హింస అని గీత గీస్తే లెక్క తప్పుతుంది.

కలం కూడా మూల్యం చెల్లించింది. రజాకార్లను విమర్శించిన ‘ఇమ్రోజ్’ ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో చంపేశారు.

ఆఖరికి ఎవరు గెలిచారు?

1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. అంతా ఐదు రోజుల్లో ముగిసిందని పాఠాల్లో చదువుతాం. కానీ ఆ తర్వాత జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో పరిస్థితి ఘోరం. ఇటు కమ్యూనిస్టులకూ సైన్యానికీ మధ్య పోరు ఇంకో మూడేళ్లు సాగింది. 1951 అక్టోబర్‌లో పార్టీ పోరాటాన్ని విరమించింది.

ప్రపంచం లెక్క ఏం చెబుతోంది?

అమెరికా పరిశోధకులు ఎరికా చెనోవెత్, మారియా స్టీఫన్ 1900 నుంచి 2006 వరకు జరిగిన 323 ఉద్యమాలను పరిశీలించారు. అహింసా ఉద్యమాల్లో 53 శాతం గెలిచాయి. సాయుధ ఉద్యమాల్లో గెలిచినవి 26 శాతమే. ముఖ్య కారణం సింపుల్: తుపాకీ పట్టేవాళ్లు కొందరే ఉంటారు. ఊరేగింపుకైతే ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు కూడా వస్తారు.

హైదరాబాద్ ఈ రెండు గడుల్లో ఏ ఒక్కదానిలోనూ సరిగ్గా ఇమడదు. రాజకీయ హక్కులు అడగడం జనానికి నేర్పింది పత్రిక, సభ, సత్యాగ్రహం. భూమి సమస్యను ఎవరూ పక్కన పెట్టలేని స్థితి తెచ్చింది సాయుధ పోరాటం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951లో వినోబా భూదానం మొదలైంది కూడా తెలంగాణలోని పోచంపల్లిలోనే. నిజాంను దించింది మాత్రం సైన్యం.

1952 ఎన్నికల్లో రెండు దారుల వాళ్లూ బ్యాలెట్ దగ్గరే కలిశారు. సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి పార్లమెంటుకు వెళ్లారు. కలం పట్టిన సురవరం వనపర్తి నుంచి అసెంబ్లీకి గెలిచారు.

అప్పంపల్లిలో పడిపోయిన 11 మంది ఆ ఓటు వేయలేదు. సెప్టెంబర్ 17ను కూడా చూడలేదు. వాళ్లు చనిపోయాక 11 నెలలకు వచ్చిందది. ఆ రోజుకు ఏ పేరు పెట్టినా, జెండా ఎగరేసేటప్పుడు అప్పంపల్లి పేరు కూడా చదవాలి.