పాడువడిన మూరు పల్లె

కోటలు కూలిపోయినను వాని కథను శాసనములు చెప్పును. నాలుగిండ్ల పల్లె పాడువడినచో దాని కథను జెప్పువారెవరు? అట్టి యొక పల్లెను గూర్చి నేడు శ్రోతలకు విన్నవించెదను.

ఇంగ్లండునకు నైరృతిదిక్కున డెవన్ మండలములో డార్ట్‌మూరు అను విశాలమైన మెట్టబయలు గలదు. ఇట్టి బయళ్లనే ఆ దేశమువారు మూరులందురు. అడుగున గ్రానైటు రాయి, పైన సారములేని తడినేల. చెట్లు అరుదు, గాలివానలు మెండు. అచ్చట హౌండ్ టార్ అను రాతిగుట్ట చెంత, సముద్రమట్టమునకు వేయి యడుగులకు పైని, ఈ పల్లె యుండెడిది. 1086వ సంవత్సరమున విలియము రాజు వ్రాయించిన డూమ్స్‌డే అను భూముల కవిలెలో దీని పేరు ‘హుండటోరా’ యని యున్నది.

1961 మొదలు కొన్నియేండ్లు మేరీ మింటర్ అను విదుషి యిచ్చట త్రవ్వకములు జరిపెను. ఆమె గతించిన పిదప, 1979లో, గై బెరెస్‌ఫర్డు వాని ఫలితములను ప్రకటించెను. బయల్పడినవి నాలుగు పొడవుటిండ్లు, కొన్ని చిన్న కట్టడములు, మూడు ధాన్యపుకొట్లు. పొడవుటింటిలో ఒకే కప్పు క్రింద ఎగువభాగమున మనుష్యులు, దిగువభాగమున పశువులు నివసించెడివారు. పశువులకొట్టపు మురుగు పోవుటకు నేల నడుమ కాలువ యుండెడిది. చలికాలమున పశువుల వెచ్చదనము ఇంటివారికిని దక్కెడిది.

నన్ను మిక్కిలి యాలోచింపజేసినవి ధాన్యపుకొట్లలోని రాతిపొయ్యిలు. మన కళ్లములో ధాన్యమును ఎండయే యారబెట్టును. ఆ రైతులకు ఆ భాగ్యము లేదు. తడిగింజ బూజుపట్టును, తిరుగటిలో నలుగదు. కనుక నిప్పుసెగపై దాని నారబెట్టుకొనవలసివచ్చెను. పంట చేతికివచ్చిన పిదపకూడ వానతో వారి పోరు ముగియలేదన్నమాట.

1315వ సంవత్సరము మొదలు ఎడతెగని వానలవలన దేశమంతట గొప్ప కరవు కలిగెను. 1348లో మహామారి ప్రవేశించి అసంఖ్యాకులను బలిగొనెను. పల్లపుభూములలో సాగుచేయువారు కరవై మంచి పొలములు ఖాళీపడెను. 14వ శతాబ్ది చివరనో 15వ శతాబ్ది మొదటనో హౌండ్ టార్ నిర్జనమయ్యెను. శీతలవర్షములే వారిని తరిమినవని బెరెస్‌ఫర్డు తలచెను. తరువాతివారిలో కొందరు దానిని ఒప్పుకొనలేదు.

నా మట్టుకు, ఒక్క కారణము చాలదని తోచుచున్నది. మెట్టనేల తరిమియుండవచ్చును, పల్లపునేల పిలిచియునుండవచ్చును. ఊరు విడుచుట ఓటమి యొక్కటియే కాదు, కొందరికి మేలైన బ్రతుకునకు త్రోవయు గావచ్చును. వారి పేళ్లు మనకు దక్కలేదు. గడ్డిలో మిగిలిన మొండిగోడలును, ఆ పొయ్యిలును మాత్రము వారి కష్టమునకు సాక్షులై నిలిచియున్నవి.